ఆ సోఫా ఇవాళ ఎంతకి పోతుంది? సెంటర్‌లింక్ ఫారంలో సొంత సామాను విలువ

ఆస్ట్రేలియాలో ప్రభుత్వ పెన్షన్లు, సాయాలు చూసే ఆఫీసు సెంటర్‌లింక్. అక్కడ ఏజ్ పెన్షన్‌కి, అంటే వృద్ధాప్య పింఛనుకి, దరఖాస్తు పెట్టేవాళ్లకి బ్యాంకు బ్యాలెన్స్, సూపర్ (రిటైర్మెంట్ కోసం దాచిన నిధి), షేర్ల దగ్గర పెద్దగా ఇబ్బంది ఉండదు. ఆ అంకెలు స్టేట్‌మెంట్లలోనే ఉంటాయి, చూసి దించేస్తే సరిపోతుంది. చెయ్యి ఆగేది ఇంట్లో సామాను, కారు విలువ ఎంత అని అడిగే గడుల దగ్గర. సోఫా, మంచాలు, ఫ్రిజ్, టీవీ, బీరువాలో బట్టలు, ఒంటిమీద గొలుసు, బయట నిలబెట్టిన కారు, వీటన్నిటికీ ఒక అంకె వెయ్యాలి. తక్కువ రాస్తే అబద్ధం చెప్పారంటారేమోనని భయం, ఎక్కువ రాస్తే ఏమవుతుందో ఎవరూ చెప్పరు. దాంతో చాలామంది చేసే పని ఒకటే. ఇంటి ఇన్సూరెన్స్ కాగితం తీసి, అందులో కంటెంట్స్ కింద 80,000 డాలర్లని ఉంటే ఆ 80,000 ఫారంలో రాసేస్తారు. కాగితం మీద ఉన్న అంకె కాబట్టి ధైర్యంగా ఉంటుంది.

దాని ఖరీదు ఎంతో లెక్కేసి చూడండి. సొంత ఇల్లున్న దంపతులకి 2025 జులైలో వచ్చిన లెక్క ప్రకారం పూర్తి పెన్షన్ రావాలంటే మిగతా ఆస్తులు 4,81,500 డాలర్లు దాటకూడదు. ఒంటరి వ్యక్తికైతే 3,21,500. ఆ పరిమితి దాటాక ప్రతి వెయ్యి డాలర్లకీ రెండు వారాల పెన్షన్‌లో 3 డాలర్లు కోస్తారు, అంటే ఏడాదికి 78. ఇప్పుడు ఒక జంటకి సూపర్, బ్యాంకు డబ్బు కలిపి 4,90,000 ఉందనుకుందాం. సామానుకి ఇన్సూరెన్స్ ప్రకారం 80,000, కారుకి దాని పాలసీలోనో, కొన్న రోజుల జ్ఞాపకంలోనో ఉన్న 25,000 రాశారు. మొత్తం 5,95,000. పరిమితి మీద 1,13,500 ఎక్కువ, ఏడాదికి 8,853 డాలర్ల కోత. అదే జంట సామానుకి 10,000, కారుకి నిజంగా ఇవాళ వచ్చే 16,000 రాసి ఉంటే మొత్తం 5,16,000, కోత 2,691. తేడా 6,162 డాలర్లు, అదీ ఏటా. ఇంట్లో ఒక్క వస్తువు మారలేదు, బ్యాంకులో ఒక్క డాలరు మారలేదు, మారిందల్లా రెండు గడుల్లో రాసిన అంకెలు.

ఇన్సూరెన్స్ అంకె ఎందుకు పనికిరాదో తెలిస్తే మిగతా వ్యవహారం చాలావరకు అర్థమైపోతుంది. ఇల్లు కాలిపోతే మళ్లీ కొత్త సోఫా, కొత్త ఫ్రిజ్, కొత్త వాషింగ్ మెషిన్ కొనుక్కోవడానికి ఎంత కావాలో చెప్పేది ఇన్సూరెన్స్ అంకె. పన్నెండేళ్ల సోఫాకి కూడా అందులో కొత్త సోఫా ధరే ఉంటుంది. సెంటర్‌లింక్ అడిగేది ఆ సోఫాని ఇవాళ ఉన్న స్థితిలో, మరకలతో సహా, బయటివాళ్లకి అమ్మితే చేతికి ఎంత వస్తుంది అని. కొన్న ధర అక్కర్లేదు, మళ్లీ కొనే ధర అక్కర్లేదు, అమ్మ ఇచ్చిన బీరువా కాబట్టి వెలకట్టలేం అన్న మాట అసలే అక్కర్లేదు. వాడిన సామానుకి నిజంగా ఏం ధర పలుకుతుందో తెలియాలంటే, కౌన్సిల్ వాళ్లు పెద్ద చెత్త పట్టుకెళ్లే వారంలో వీధిలో ఒకసారి నడిచి రండి. ఒకప్పుడు వేల డాలర్లు పోసి కొన్న సోఫాలు, డైనింగ్ టేబుళ్లు గడ్డి మీద ఊరికే పెట్టి ఉంటాయి, కావాలంటే తీసుకుపొమ్మని. చాలా ఇళ్లలో సామాను మార్కెట్ విలువ దానికి ఎంతో దూరంలో ఉండదు.

సెంటర్‌లింక్‌కీ ఈ సంగతి తెలుసు. అందుకే మామూలు ఇంటి సామానుకీ, ఒంటిమీద వాడుకునే వస్తువులకీ కలిపి, మీరు వేరే అంకె చెప్తే తప్ప, 10,000 డాలర్లుగా లెక్కేసుకునే పద్ధతి పెట్టుకున్నారు. ఎవరో ఇంటికొచ్చి చెంచాలు లెక్కపెడతారన్న భయం ఎక్కడినుంచి వచ్చిందో గానీ అలాంటిదేమీ లేదు. నిజానికి 10,000 కంటే తక్కువే ఉంటుందనుకుంటే తక్కువే చెప్పొచ్చు. అయితే ఆ 10,000ని గరిష్ఠ పరిమితి అనుకుంటే మాత్రం తప్పు. గోడమీద పేరున్న చిత్రకారుడి పెయింటింగ్ ఉన్నా, తాతల నాటి పురాతన వస్తువులున్నా, నాణేల సేకరణ ఉన్నా, అవి అమ్మితే వచ్చే ధర చెప్పాల్సిందే.

తెలుగు ఇళ్లలో అసలు మెలిక బంగారం దగ్గర పడుతుంది. కొన్నప్పటి బిల్లులో బంగారం ధర, తరుగు, మజూరీ, పన్ను, రాళ్ల ఖరీదు అన్నీ కలిసి ఉంటాయి. అమ్మడానికి తీసుకెళ్తే తూకం వేసేవాడు రాళ్లు తీసేసి, లక్క తీసేసి, స్వచ్ఛత చూసి, బంగారానికి మాత్రమే ధర కడతాడు, అదీ ఆరోజు రేటుకి కాస్త తగ్గించి. ఆ చివరి అంకే ఫారంలోకి వెళ్లాల్సింది. ఇంకో వైపు నుంచి కూడా జాగ్రత్త కావాలి, ఎందుకంటే ఇరవై ఏళ్ల కిందట కొన్న నగకి ఇవాళ తరుగు, మజూరీ పోయినా కొన్న ధరకి ఎన్నో రెట్లు రావొచ్చు, సోఫాలాగా దాని విలువ పడిపోదు. కాబట్టి నగలు గట్టిగా ఉన్న ఇంట్లో అన్నీ కలిపి 10,000లో సర్దేయడం నిజాయితీ అనిపించుకోదు. బిస్కెట్ల రూపంలో ఉన్న బంగారం సంగతి వేరే. బంగారం, వెండి, ప్లాటినం కడ్డీల్ని సెంటర్‌లింక్ బ్యాంకు డిపాజిట్ల సరసన, ఫైనాన్షియల్ ఆస్తుల కింద పెడుతుంది. అంటే వాటి విలువ అసెట్స్ టెస్ట్‌లోకి (ఆస్తులు చూసి పెన్షన్ కోసే లెక్కలోకి) వెళ్లడమే కాదు, అవి వడ్డీ సంపాదిస్తున్నాయని ఊహించి, డీమింగ్ పేరుతో ఆ ఊహించిన ఆదాయాన్ని ఇన్‌కమ్ టెస్ట్‌లో (ఆదాయం చూసి కోసే లెక్కలో) కూడా కలుపుతారు. లాకర్లో పడున్న బిస్కెట్ పైసా వడ్డీ తేదు, అయినా అంతే. మెడలో గొలుసుకి ఈ రెండో దెబ్బ లేదు.

కారు లెక్క కొంచెం తేలిక, కానీ అక్కడా ఒక చిన్న మోసం ఉంది, మనల్ని మనమే చేసుకునేది. ఆన్‌లైన్‌లో అదే మోడల్, అదే సంవత్సరం కారుని ఎవరో 21,000కి పెట్టారు కాబట్టి మనదీ అంతే అనుకుంటాం. అది అమ్మేవాడు ఆశపడే ధర, అమ్ముడుపోయిన ధర తెలియదు. ఎక్కువ తిరిగిన కిలోమీటర్లు, తలుపు మీద గీత, అరిగిన టైర్లు, అన్నీ చూసి కొనేవాడు ఏమిస్తాడో అదే విలువ. డీలర్ పాత బండి కింద తీసుకుంటే ఎంతిస్తాడో ఒకసారి అడిగి, విడిగా అమ్మితే వచ్చేదాంతో పోల్చుకుంటే కాళ్లు నేలమీద ఉంటాయి. కారు అప్పుమీద కొని, ఆ అప్పుకి కారే తాకట్టుగా ఉంటే మిగిలిన అప్పు తీసేసి లెక్కేస్తారు.

అప్పుల దగ్గర రూలు ఇంగితానికి అందినట్టే ఉండి చివర్లో తిరగబడుతుంది. ఏ ఆస్తి మీద తాకట్టు ఉందో ఆ ఆస్తి విలువలోంచే అప్పు తగ్గుతుంది. క్రెడిట్ కార్డు బాకీ, చేబదులు, తాకట్టులేని పర్సనల్ లోన్ ఏ ఆస్తిలోంచీ తగ్గవు. మీరుండే ఇల్లు ఎలాగూ లెక్కలోకి రాదు, ఇంటితో పాటు ఒకే టైటిల్ మీద రెండు హెక్టార్ల దాకా స్థలం కూడా రాదు. అందుకని ఆ ఇంటి మీద తెచ్చిన అప్పు కూడా ఎక్కడా తగ్గదు. ఇల్లు తాకట్టు పెట్టి షేర్లు కొన్నవాళ్లకి ఇక్కడే షాకు తగులుతుంది, షేర్లు పూర్తి విలువతో లెక్కలోకి వస్తాయి, వాటికోసం చేసిన అప్పు కనపడకుండా పోతుంది.

ఇండియాలో ఉన్న ఆస్తుల సంగతి చాలామంది మర్యాదగా మర్చిపోతారు. అది కుదరదు. విదేశాల్లో ఉన్నవీ చెప్పాలి, వాటిని ఆస్ట్రేలియా డాలర్లలోకి మార్చి కలుపుతారు. సొంత ఇల్లు మినహాయింపు మీరుంటున్న ఇంటికే కాబట్టి ఊళ్లో ఖాళీగా తాళం వేసున్న ఇల్లు కూడా ఆస్తే. ఇక్కడ భాష ఒక ఉచ్చు వేస్తుంది. మన రిజిస్ట్రేషన్ ఆఫీసు భాషలో మార్కెట్ వాల్యూ అంటే స్టాంపు డ్యూటీ కోసం ప్రభుత్వం ఖరారు చేసిన రేటు, బయట గజం పలికే ధర చాలాచోట్ల దానికంటే బాగా ఎక్కువ. సెంటర్‌లింక్ ఫారంలోనూ మార్కెట్ వాల్యూ అనే ఉంటుంది, కానీ వాళ్లకి కావాల్సింది ఆ రెండో ధర. రిజిస్ట్రేషన్ ఆఫీసు సర్టిఫికెట్ మీదున్న అంకెని నమ్మకంగా రాసి, ప్రభుత్వం ఇచ్చిందే కదా అనుకోవడం అమాయకంగా చేసినా తప్పుడు లెక్కే అవుతుంది. అన్నదమ్ముల ఉమ్మడి పొలమైతే మీ వాటా మేరకు చెప్తే చాలు. అమ్మడానికి అసలు వీల్లేని చిక్కులో ఉండి, దానివల్ల ఇక్కడ బతుకే కష్టంగా ఉంటే, అలాంటివాళ్లకోసం హార్డ్‌షిప్ నిబంధనలు వేరేగా ఉన్నాయి, అవి అంత తేలిగ్గా వర్తించవు గానీ అడగడంలో తప్పులేదు. ఎల్‌ఐసీ లాంటి పాలసీలుంటే ఇవాళ సరెండర్ చేస్తే వచ్చే సొమ్మే వాటి విలువ, మెచ్యూరిటీకి వచ్చేది రాయకండి.

విలువ తగ్గించుకోడానికి వస్తువులు పిల్లల పేర రాసేస్తే పోలా అన్న ఆలోచన అందరికీ వస్తుంది, రూలు రాసినవాళ్లకి ముందే వచ్చింది. ఒక ఆర్థిక సంవత్సరంలో 10,000 డాలర్లు, ఐదేళ్లలో మొత్తం 30,000 దాకా ఇచ్చుకోవచ్చు, ఒంటరివాళ్లకైనా జంటకైనా ఇదే పరిమితి. అది దాటి ఇచ్చినది ఐదేళ్లపాటు మీ దగ్గరే ఉన్నట్టు లెక్కేస్తారు, పెన్షన్ వయసుకి ముందు ఐదేళ్లలో ఇచ్చినా సరే. నగదుకే కాదు, కూతురికి పెట్టిన నగకీ, కొడుక్కి సగం ధరకే అమ్మిన కారుకీ ఇదే వర్తిస్తుంది, అసలు ధరకీ తీసుకున్న డబ్బుకీ ఉన్న తేడా బహుమతి కిందకొస్తుంది. పిల్లలకి అప్పుగా ఇచ్చాం అంటే అది ఇంకా మీ ఆస్తే, డీమింగ్‌తో సహా.

ఇంత చదివాక కంగారు పడేముందు ఒక్క విషయం చూసుకోండి. అసలు మీ సామాను విలువ మీకు లెక్కలోకి వస్తుందా? పెన్షన్‌కి ఇన్‌కమ్ టెస్ట్, అసెట్స్ టెస్ట్ రెండూ వేసి, దేంట్లో తక్కువ వస్తే అదే ఇస్తారు. మీ మొత్తం ఆస్తులు పూర్తి పెన్షన్ పరిమితికి ఎంతో కింద ఉంటే సోఫాకి వంద రాసినా వెయ్యి రాసినా ఒకటే. అద్దెలో, ఉద్యోగంలో, విదేశీ పెన్షన్‌లో ఆదాయం ఎక్కువుండి దానివల్లే కోత పడుతుంటే అప్పుడూ అంతే. ప్రతి వెయ్యీ లెక్కలోకొచ్చేది ఆస్తుల వల్ల కోత పడేవాళ్లకే. ఇక జాబ్‌సీకర్ (ఉద్యోగం లేనివాళ్లకిచ్చే సాయం) లాంటి వాటికి మెట్లు కూడా లేవు. అక్కడ అదే పరిమితి ఒక గోడ, దాటారంటే కొంచెం కొంచెంగా తగ్గడం ఉండదు, మొత్తం ఆగిపోతుంది. గోడకి దగ్గర్లో ఉన్నవాళ్ల విషయంలో కారు విలువ రెండు వేలు ఎక్కువ రాయడం అంటే చిన్న పొరపాటు అనలేం. కారు అమ్మేసి డబ్బు బ్యాంకులో వేసుకుందామనుకునేవాళ్లు కూడా ఆగి ఆలోచించాలి, చేతిలో డబ్బు ఒక హద్దు దాటితే జాబ్‌సీకర్ మొదలవడానికి 13 వారాల దాకా ఆగాల్సి రావొచ్చు. కారుగా ఉన్నంతసేపు ఆ నిరీక్షణ లెక్కలోకి అది రాదు, డబ్బుగా మారగానే వస్తుంది.

అసలు ప్రభుత్వం ఇంట్లో సామాను గురించి అడగడం అవసరమా అంటే, అన్ని దేశాలూ అడగవు. బ్రిటన్‌లో తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకిచ్చే యూనివర్సల్ క్రెడిట్‌లో సొంత వాడుక వస్తువుల్ని ఆస్తిగా లెక్కే వెయ్యరు. డబ్బు, పెట్టుబడులు 16,000 పౌండ్లు దాటితే సాయం ఆగిపోతుంది, 6,000 లోపయితే పట్టించుకోరు. అమ్మడానికి ఖర్చయ్యే ఆస్తి ఉంటే దాని విలువలో పది శాతం తగ్గించి మరీ లెక్కేస్తారు, అది చాలా న్యాయమైన రూలు. అమెరికాలో పేద వృద్ధులకీ వికలాంగులకీ ఇచ్చే ఎస్‌ఎస్‌ఐలో ఒకప్పుడు ఇంటి సామానుకీ సొంత వస్తువులకీ 2,000 డాలర్ల హద్దు ఉండేది, పెళ్లి ఉంగరం, నిశ్చితార్థపు ఉంగరం మాత్రం వదిలేసేవారు. పాత కుర్చీల ధర కట్టడానికి ఉద్యోగులు పడే శ్రమకి దక్కేది ఏమీ లేదని అర్థమై 2005లో ఆ హద్దు ఎత్తేశారు. పెట్టుబడిగా దాచుకున్న రత్నాలూ సేకరణలే ఇప్పుడు లెక్క. కానీ అదే ఎస్‌ఎస్‌ఐలో ఒంటరి వ్యక్తి మొత్తం ఆస్తి పరిమితి 2,000 డాలర్ల దగ్గర 1989 నుంచి కదల్లేదు, కుర్చీలు వదిలేసిన ఉదారత్వం అక్కడితో సరి. మన ఆంధ్రప్రదేశ్‌లో పింఛనుకో బియ్యం కార్డుకో అయితే విలువ అన్న ప్రశ్నే రాదు. మాగాణి మూడెకరాలు దాటిందా, నాలుగు చక్రాల బండి ఉందా, కరెంటు నెలకి 300 యూనిట్లు దాటిందా అని అడుగుతారు, అన్నీ అవును కాదు ప్రశ్నలే. దాంట్లో వేరే అన్యాయం ఉంది, మూలపడ్డ పాత కారూ కొత్త కారూ ఒక్కటే అయిపోతాయి. ఆస్ట్రేలియా పద్ధతి పాత కారుని పాత కారుగా చూస్తుంది, కానీ చూసి ధర చెప్పే బాధ్యత డెబ్బై ఏళ్ల పెద్దాయన మీద పెడుతుంది.

ఈ అసెట్స్ టెస్ట్ 1985 మార్చి 21న వచ్చింది. దాని పదును మాత్రం రాజకీయాలతో పాటు మారుతూ వచ్చింది. వెయ్యికి 3 డాలర్లున్న కోతని 2007 సెప్టెంబరులో 1.50కి తగ్గించారు, 2017 జనవరి 1 నుంచి మళ్లీ 3 చేశారు. అంటే 2016లో సామానుకి 40,000 ఎక్కువ రాసినందుకు ఏడాదికి 1,560 డాలర్లు పోగొట్టుకున్నవాళ్లు, మరుసటి ఏడాది అదే తప్పుకి 3,120 పోగొట్టుకున్నారు. కోత రెట్టింపైందన్న గోల పేపర్ల నిండా ఉంది, ఫారంలో రాసిన పాత అంకెని మళ్లీ చూసుకోమని చెప్పినవాళ్లు తక్కువ.

స్థలాలు, అద్దెకిచ్చిన ఇళ్ల విషయంలో సెంటర్‌లింక్ తనే వాల్యుయర్లతో ధర కట్టించుకోవచ్చు. ఆ ధర ఎక్కువనిపిస్తే ఊరుకోనక్కర్లేదు. చుట్టుపక్కల నిజంగా అమ్ముడైన ధరలు చూపించి రివ్యూ అడగొచ్చు, అక్కడా నచ్చకపోతే ట్రైబ్యునల్ దాకా వెళ్లొచ్చు, 2024 అక్టోబరు నుంచి దాని పేరు అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ ట్రైబ్యునల్. సామాను, కారు విషయంలో ఈ గొడవ దాదాపు ఉండదు. అందుకే అక్కడ తప్పు జరిగితే ఏళ్ల తరబడి అలాగే కూర్చుంటుంది.

ఎందుకంటే షేర్ల ధరల్ని సెంటర్‌లింక్ తన రికార్డులో ఏటా మార్చి 20న, సెప్టెంబరు 20న సవరించుకుంటుంది. బ్యాంకు లెక్కల గురించి అప్పుడప్పుడూ అడుగుతుంది. మీ కారుకి వయసు పెరిగిందని మాత్రం దానికి ఎవరూ చెప్పరు. దరఖాస్తు పెట్టిన రోజున 24,000 అని రాసిన కారు ఆరేళ్ల తర్వాత 9,000 కూడా పలక్కపోయినా, మీరు మార్చేదాకా రికార్డులో 24,000గానే ఉంటుంది, కోత పడేవాళ్లకి ఆ 15,000 మీద ఏడాదికి 1,170 డాలర్లు పోతూనే ఉంటాయి. మైగవ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లోకి వెళ్లి సెంటర్‌లింక్ ఖాతాలో ఆ అంకె మార్చడం పది నిమిషాల పని. పెన్షన్ పెరిగేది సాధారణంగా చెప్పిన రోజు నుంచే, పోయిన ఏళ్లది వెనక్కి లెక్కగట్టి ఇవ్వరు.